ఈస్ట్ బాల్కనీలో మాడిపోతోంది, హాల్లో సాగిపోతోంది: మనీ ప్లాంట్‌కి అసలు ఎంత వెలుతురు కావాలి?

సీతమ్మధార_మూడో_అంతస్తు:

అందరికీ నమస్కారం. అనకాపల్లిలో మా అమ్మావాళ్ల పెరట్లో కొబ్బరి చెట్టుకి ఎగబాకిన మనీ ప్లాంట్ ఉంది, పైన ఒక్కో ఆకు అన్నం కంచమంత ఉంటుంది, నిండా పసుపు చారలు. కిందటి దసరాకి వెళ్లినప్పుడు అమ్మ దాని ముక్క ఒకటి కోసి తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. వేర్లొచ్చేదాకా సీసా నీళ్లలో ఉంచి తర్వాత కుండీలో పెట్టి, హాల్లో టీవీ పక్కన స్టూల్ మీద ఉంచాను. ఆరు నెలలు దాటింది. తీగ నాలుగడుగులు సాగింది గానీ కణుపుకీ కణుపుకీ మధ్య బెత్తెడు ఖాళీ, ఆకులు చిన్నవి, కొత్తగా వచ్చిన వాటిలో పసుపు అనేదే లేదు, అన్నీ ఒకటే పచ్చ.

వెలుతురు చాలట్లేదేమోనని పోయిన ఆదివారం తూర్పు బాల్కనీలో గ్రిల్ దగ్గర పెట్టాను. మూడో రోజుకే నాలుగు ఆకులు మాడిపోయాయి. మధ్యలో తెల్లగా పాలిపోయిన మచ్చ, చుట్టూ గోధుమరంగు గీత, ముట్టుకుంటే కాగితంలా పెళపెళలాడుతోంది. భయపడి మళ్లీ లోపల పెట్టేశాను.

నర్సరీలో అడిగితే "బ్రైట్ ఇన్‌డైరెక్ట్ లైట్‌లో పెట్టండమ్మా" అన్నారు. అంటే మా ఇంట్లో ఏ చోటు? మాది మూడో అంతస్తు, బాల్కనీ తూర్పుకి ఉంది, బెడ్‌రూమ్‌కి దక్షిణం వైపు ఒక కిటికీ, దానికి పైన సన్‌షేడ్, గ్రిల్‌కి దోమల మెష్ ఉన్నాయి. దక్షిణం వైపు పక్కది ఒంటి అంతస్తు ఇల్లు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా తీగ ఎలా ఉందని అడుగుతుంది, చెప్పాలంటే బాధగా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పెదవాల్తేరు_మేడతోట:

ముందు కంగారు పడకండి అక్కా, మనీ ప్లాంట్ అంత తేలిగ్గా పోదు. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు గానీ మొదలు, కణుపులు గట్టిగా ఉంటే కొత్త చిగురు వస్తుంది. పూర్తిగా ఎండిన ఆకులే తీసెయ్యండి, సగం పచ్చగా ఉన్నవి ఉంచండి, కొత్తవి వచ్చేదాకా దానికి అవే తిండి పెడతాయి.

ఇంక అసలు విషయం. మన భాషలో ఎండ వేరు, వెలుతురు వేరు కదా, మొక్కకి కూడా అలాగే. మీరు దాన్ని టీవీ పక్కన పెట్టినప్పుడు ఎండా లేదు, వెలుతురూ లేదు. బాల్కనీలో పెట్టినప్పుడు ఒక్కసారిగా ఎండలోకి తోశారు. దానికి కావాల్సింది ఈ రెండిటి మధ్యది. నేను ఎవరికైనా ఒకటే చెప్తాను: ఆకు ఉన్న చోట మీ తల పెట్టి చూడండి, ఆకాశం బాగా కనపడాలి, సూర్యుడు మాత్రం కనపడకూడదు. బ్రైట్ ఇన్‌డైరెక్ట్ లైట్ అంటే అదే. నిలబడి చూడకండి, కుండీ ఎత్తుకి వంగి చూడండి. టీవీ పక్కన వంగి చూస్తే మీకు సోఫా, ఎదురు గోడ కనిపిస్తాయి, ఆకాశం ముక్క కూడా కనిపించదు.

హాల్లో వెలుతురు బానే ఉంది కదా అని మనకి అనిపిస్తుంది, అదే మోసం. చీకటి పెరిగేకొద్దీ కన్ను సర్దుకుపోతుంది, మనకి తేడా తెలియదు. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం బయట ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటే, గది లోపలి మూల 100 కూడా ఉండకపోవచ్చు. అంటే వెయ్యో వంతు. మనం కూర్చుని పేపర్ చదువుకోగలం గానీ మొక్క అంతలో తిండి వండుకోలేదు. ఉన్న కాస్త వెలుతురుతో ఆకు కట్టలేక, వెలుతురు ఎక్కడుందో వెతుక్కుంటూ కాడనే పొడుగ్గా సాగదీస్తుంది. మీరు చెప్పిన బెత్తెడు ఖాళీ అందుకే. పసుపు పోవడం కూడా అంతే, పసుపు భాగంలో పత్రహరితం చాలా తక్కువ కాబట్టి అది పెద్దగా వంట చెయ్యదు. చీకట్లో ఉన్న మొక్కకి ప్రతి అంగుళమూ పచ్చగా ఉంటేనే గడుస్తుంది.

మరి బాల్కనీలో ఎందుకు మాడింది అంటే, నీడలో పుట్టిన ఆకు పల్చగా ఉంటుంది, ఎక్కువ ఎండ పడితే తట్టుకునే ఏర్పాటు దానికి ఉండదు. ఆ ఆకుని ఎంత అలవాటు చేసినా ఎండని తట్టుకునే ఆకు అవ్వదు, కొంచెం కొంచెంగా వెలుతురు పెంచుతూ పోతే ఆ తర్వాత పుట్టే ఆకులే మందంగా, గట్టిగా వస్తాయి. అందుకే 10 రోజులో రెండు వారాలో పట్టించి జరపాలి. పైగా మన ఊళ్లో తూర్పు ఎండ అంటే లేత ఎండేలే అనుకోవడం తప్పు. విశాఖలో ఏప్రిల్ చివర అయిదున్నరకే సూర్యుడు సముద్రంలోంచి లేచిపోతాడు, తొమ్మిదయ్యేసరికి సగం ఆకాశం ఎక్కేస్తాడు. ఆరు నుంచి ఏడు దాకా ఉండేది నీరెండ, అది మనీ ప్లాంట్‌కి మంచిదే. ఎనిమిది తర్వాతది ఎర్రటి ఎండే.

మీకు నేను చెప్పే చోటు ఆ దక్షిణం కిటికీ. పక్కన ఒంటి అంతస్తు ఇల్లే అంటున్నారు కాబట్టి మూడో అంతస్తులోంచి ఆకాశం ధారాళంగా కనిపిస్తుంది. ఇంకోటి, మనది సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, అంటే మే రెండో వారంలో ఒకసారి, మళ్లీ ఆగస్టు మొదట్లో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ మధ్య రోజుల్లో పొద్దంతా ఉత్తరం పక్కనే తిరుగుతాడు. అన్నాళ్లూ దక్షిణం కిటికీలోకి నేరుగా ఎండే రాదు, ఆకాశం వెలుతురు మాత్రమే వస్తుంది. అప్పుడు ఉత్తరం కిటికీల వాళ్లే జాగ్రత్తగా ఉండాలి. డిసెంబర్‌లో తిరగబడుతుంది, మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎండ సన్‌షేడ్ కిందనుంచి దూరి గదిలో నాలుగైదు అడుగుల దాకా వస్తుంది. అప్పుడు కుండీని పక్కకి జరపండి, లేదా పల్చటి తెల్ల కర్టెన్ వెయ్యండి. నేనైతే ఏటా దీపావళి దగ్గర ఒకసారి, ఉగాది దగ్గర ఒకసారి అన్ని కుండీల చోట్లూ మారుస్తాను.

మధురవాడ_కొత్తిల్లు:

ఇంత లెక్క అవసరమా అండీ? మా ఇంట్లో రెండు సెట్లు పెట్టుకున్నాం, ఒక సెట్ వారం హాల్లో, ఇంకో సెట్ వారం బాల్కనీలో, ఆదివారం మార్చేస్తాం. అందరూ చెప్పే పద్ధతే కదా ఇది. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ బాగానే ఉన్నాయి. ఫిడిల్ లీఫ్ ఒక్కటే ఆకులు రాల్చేస్తోంది, అదెందుకో తెలియట్లేదు.

పెదవాల్తేరు_మేడతోట:

మీ పద్ధతి తప్పని అనను, చాలామంది అలాగే నడిపిస్తున్నారు, మీ బాల్కనీలో ఎండ కాకుండా నీడ వెలుతురు ఉంటే ఇంకా బాగా నడుస్తుంది. స్నేక్ ప్లాంట్, జీజీ రెండూ దాచుకున్న సరుకు మీద బతకగలవు. ఒకదానికి మందమైన ఆకుల్లో నీళ్లుంటాయి, ఇంకోదానికి మట్టిలో దుంప ఉంటుంది, వారం చీకట్లో ఉన్నా వాటికి పట్టదు. ఫిడిల్ లీఫ్ మర్రి, రావి జాతిది, ఆ కుటుంబం వాటికి చోటు మారడమే పడదు. వెలుతురు ఒక్కసారిగా మారితే ఉన్న ఆకులు దులిపేసి కొత్తగా మొదలుపెడతాయి. మీరు ప్రతి ఆదివారం ఆ పనిని మళ్లీ మొదటికి తెస్తున్నారు. దాన్ని బాల్కనీ తలుపు పక్కన ఒక చోట పెట్టి, రెండు నెలలు ఎవరూ కదపకుండా చూడండి. కుండీని వారానికి పావు వంతు తిప్పండి చాలు, ఒక పక్కకి వంగకుండా ఉంటుంది.

షాపులోంచి తెచ్చిన కొత్తలో ఆకులు రాలిపోయేదీ ఇందుకే. కడియం నుంచి లారీల్లో వచ్చే ఇండోర్ మొక్కల్లో ఎక్కువ భాగం షేడ్ నెట్ కింద పెరిగినవి. నెట్ కింద నీడే కదా అనుకుంటాం, అక్కడ కూడా మన హాల్ కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది.

గాజువాక_నైట్‌షిఫ్ట్:

మా ఇల్లు ఇరుకు సందులో ఉంది, కిటికీ తీస్తే అడుగున్నర దూరంలో పక్కింటి గోడ, మీరు చెప్పిన ఆకాశం మాకు లేదు. నేను మామూలు నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ షెల్ఫ్ కింద బిగించి పెంచుతున్నాను. అడుగు దూరంలో ఫోన్ 1,500 లక్స్ చూపిస్తుంది, రెండడుగులకి దిగితే 600కి పడిపోతుంది, అందుకే కుండీల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాను. గ్రో లైట్ అని అమ్మే ఊదారంగు దీపాలే కావాలని లేదు, తెల్ల లైట్‌లోనూ మొక్కకి కావాల్సిన ఎరుపు, నీలం రెండూ ఉంటాయి, పైగా ఊదా వెలుగులో ఆకు మీద తెగులు వచ్చినా కంటికి కనపడదు. రోజుకి 12 గంటలు, టైమర్ ప్లగ్ పెట్టేశాను. కరెంటు లెక్క వేసుకున్నాను, 20 వాట్లు 12 గంటలంటే రోజుకి పావు యూనిట్ లోపే, నెలకి 7 యూనిట్లు. పొద్దున్న డ్యూటీ దిగి వచ్చేసరికి లైట్ వెలిగి సింగోనియం నిగనిగలాడుతుంటే ప్రాణం లేచొస్తుంది. సీతమ్మధార అక్కకి కిటికీ ఉంది కాబట్టి ఇదంతా అక్కర్లేదు, లేనివాళ్ల కోసం చెప్తున్నాను.

సీతమ్మధార_మూడో_అంతస్తు:

చాలా థ్యాంక్స్ అండీ. గాజువాక తమ్ముడు ఫోన్ అన్నారు కదా, నేనూ లక్స్ మీటర్ యాప్ ఒకటి వేసుకున్నాను. సెన్సార్ ముందు కెమెరా పక్కన ఉంటుందని, ఫోన్‌ని ఆకు ఉన్న చోట స్క్రీన్ పైకి ఉండేలా పెట్టాలని మా అబ్బాయి చూపించాడు. నిన్న పదకొండింటికి ఇల్లంతా తిరిగాం ఇద్దరం. టీవీ పక్కన 60! నిజంగా నాకు నోట మాట రాలేదు, పాపం ఆరు నెలలు అందులో ఉంచాను దాన్ని. దక్షిణం కిటికీ గట్టు మీద మెష్ వేసి ఉంటే 1,900, మెష్ తీస్తే 2,800. కిటికీ నుంచి రెండడుగులు లోపలికి 1,100, మంచం అవతల ఆరడుగుల దగ్గర 250. ఒకే గదిలో ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు. ఇవాళ పొద్దున్న ఎనిమిదిన్నరకి బాల్కనీ గ్రిల్ దగ్గర ఎండలో పెడితే 50,000 దాటింది.

వీటిలో ఏ అంకె దగ్గర పెట్టాలి?

పెదవాల్తేరు_మేడతోట:

ఫోన్ అంకెలు ఖచ్చితం కావు, ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా తెలుసుకోడానికి మాత్రం అద్భుతంగా పనికొస్తాయి. మనీ ప్లాంట్ 500 నుంచి 1,000 మధ్య బతికుంటుంది, 2,000 పైన ఉంటే పెరుగుతుంది. ముందు రెండడుగుల లోపల 1,100 దగ్గర ఒక వారం, తర్వాత గట్టు మీదకి. మెష్ పగలు తీసి సాయంత్రం దోమల వేళకి వేసుకోగలిగితే మంచిది. లేకపోతే మెష్‌ని తడిబట్టతో తుడవండి, మన ఊళ్లో సముద్రం గాలికి ఉప్పు జిడ్డు, దాని మీద దుమ్ము పట్టి గుడ్డలా అయిపోతుంది. ఆకుల్ని కూడా పదిహేను రోజులకోసారి తుడవాలి, ఆ దుమ్ము కూడా వెలుతురు తినేస్తుంది.

ఫోన్ యాప్ లేనివాళ్లకి ఇంకో పద్ధతి ఉంది. మధ్యాహ్నం పూట కుండీ పెట్టే చోట తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తులో అరచెయ్యి చాపండి. వేళ్ల నీడ అంచులు కత్తితో కోసినట్టు పడితే అది ఎండ. వేళ్లు వేరువేరుగా తెలుస్తూ అంచులు మసకగా ఉంటే అదే మనకి కావాల్సింది. చెయ్యి ఉందో లేదో తెలియకుండా కాగితం కొద్దిగా మబ్బేసినట్టు అయితే అక్కడ ప్లాస్టిక్ పువ్వులు పెట్టుకోవడమే మంచిది.

కంచరపాలెం_పాతిల్లు:

అందరూ వెలుతురు గురించే చెప్తున్నారు, నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి తల్లీ. వెలుతురు తక్కువ ఉన్న మొక్క నీళ్లు కూడా తక్కువే తాగుతుంది. హాల్లో ఉన్న ఆర్నెల్లూ నువ్వు రోజూ పోసి ఉంటే వేర్లు కుళ్లు పట్టి ఉండొచ్చు, కుండీ మీద చిన్న నల్లటి దోమల్లాంటివి ఎగురుతున్నాయేమో చూడు. వేలు రెండు కణుపులు మట్టిలో దించి, తడి తగలకపోతేనే పొయ్యాలి. కిటికీ దగ్గరికి మార్చాక ఎక్కువ తాగుతుంది, అప్పుడు పాత లెక్కన పోస్తే చాలదు. వానాకాలంలో నాలుగు రోజులు మబ్బేస్తే మళ్లీ తగ్గించాలి. నలభై ఏళ్లుగా మొక్కలు పెంచుతున్నాను, నా చేతిలో ఎండకి పోయిన వాటికంటే నీళ్లు ఎక్కువై పోయినవే ఎక్కువ.

ఒకేసారి ఎండలో పెట్టకూడదన్నది నాకు బాగా అనుభవమైన మాట. మా వరండా ముందు పెద్ద వేపచెట్టు ఉండేది, దాని నీడలో ఫెర్నులు, సింగోనియం, మా ఆవిడ ప్రాణంగా చూసుకునే పీస్ లిల్లీ కుండీలు వరసగా ఉండేవి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు చూస్తే వేపచెట్టు వేళ్లతో సహా వీధికి అడ్డంగా పడి ఉంది. కుండీలు అప్పటికే లోపల పెట్టాం కాబట్టి ఒక్కటీ పోలేదు. ఇల్లూ వాకిలీ బాగుచేసుకునే గొడవలో కుండీలన్నీ తెచ్చి ఎప్పటి చోటే పెట్టేశాం, పైన నీడ లేదన్న ధ్యాసే లేదు మాకు. వారం తిరక్కుండా ఫెర్నులు గడ్డిలా ఎండిపోయాయి, పీస్ లిల్లీ ఆకులు కాల్చిన అప్పడాల్లా ముడుచుకున్నాయి. తుఫానుకి బతికి బట్టకట్టిన మొక్కల్ని మేమే చంపుకున్నామని ఆవిడ చాలా రోజులు బాధపడింది. పీస్ లిల్లీ మొదట్లోంచి ఒక్క పిలక మాత్రం మళ్లీ వచ్చింది, ఇప్పుడు అది మూడు కుండీలైంది, తలుపు వెనక ఆకాశం వెలుతురులో పెట్టాం.

ఇసుకతోట_ఇంటర్‌స్టూడెంట్:

మధ్యలో అడుగుతున్నందుకు సారీ, హాస్టల్ రూమ్‌లో తులసి పెంచొచ్చా? ఉత్తరం కిటికీ ఉంది.

పెదవాల్తేరు_మేడతోట:

తులసికి రోజూ నాలుగైదు గంటల అసలు ఎండ కావాలి తమ్ముడూ, గదిలో పెడితే కాడలు సాగి నెలలో పోతుంది. వార్డెన్‌ని అడిగి డాబా మీద పెట్టుకో. రూమ్‌లోకి స్నేక్ ప్లాంట్ తెచ్చుకో, పరీక్షల టైమ్‌లో మూడు వారాలు మర్చిపోయినా ఏమీ కాదు.

సీతమ్మధార_మూడో_అంతస్తు:

నెలన్నర అయింది, ఎలా ఉందో చెప్దామని వచ్చాను. పెద్దాయన చెప్పినట్టు కుండీలోంచి తీసి చూస్తే అడుగున వేర్లు కొన్ని గోధుమరంగులో మెత్తగా అయి, పట్టుకుంటే జారిపోయాయి. వాటిని కత్తిరించి, కోకోపీట్, ఇసుక, వర్మీకంపోస్ట్ కలిపిన మట్టిలోకి మార్చాను. వారం రోజులు రెండడుగుల లోపల, తర్వాత కిటికీ గట్టు మీద. సాగిపోయిన తీగని కోసి నాలుగు ముక్కలు అదే కుండీలో గుచ్చాను, మూడు పట్టుకున్నాయి.

మొదటి మూడు వారాలు ఏమీ జరగలేదు, రోజూ పొద్దున్నే వెళ్లి చూసి దిగులుగా వచ్చేదాన్ని. నాలుగో వారంలో పైకణుపు దగ్గర చిగురు సూదిలా వచ్చింది, అయిదు రోజులు అలాగే చుట్టుకుని ఉండి, మొన్న ఆదివారం విచ్చుకుంది. ఆకు సగానికి అడ్డంగా పసుపు చార, దాని పక్కన గోరుతో గీసినట్టు ఇంకో సన్నటి గీత. కణుపుల మధ్య దూరం రెండు వేళ్లే. ఆకు ఇంకా మైనంలా మెత్తగా ఉంది, ముట్టుకోవాలంటే భయం. ఎక్కడానికి కొబ్బరి పీచు చుట్టిన కర్ర ఒకటి కూడా కట్టాను, ఊళ్లో చెట్టెక్కిన తీగకే పెద్దాకులు వచ్చాయి కదా.

ఇప్పుడు మబ్బులు పట్టాయి, నిన్న పదకొండింటికి గట్టు మీద 1,300 మాత్రమే చూపించింది. నీళ్లు తగ్గించాను, మెష్ పగలంతా తీసే ఉంచుతున్నాను. నవంబర్‌లో ఎండ లోపలికి రావడం మొదలైనప్పుడు మళ్లీ ఇక్కడే అడుగుతాను.

అమ్మకి ఫోటో పంపితే, పక్కన నీ చెయ్యి పెట్టి తీయవే, ఎంతుందో తెలుస్తుంది అంది. తీసి పంపాను. అరచెయ్యి కంటే కొంచెం చిన్నది.